రొయ్య పొట్టు... గాయానికి పట్టు!

రొయ్యల కూర వండితే పొట్టు చెత్తబుట్టలోకి పోతుంది. పట్టుదారం తీసేశాక మిగిలిన చిరిగిన గూళ్లు మూలన పడతాయి. తోళ్ల కర్మాగారాల్లో కత్తిరించిన ముక్కలు గుట్టలుగా మిగిలిపోతాయి. పనికిరావని మనం పక్కన పడేసే ఇలాంటి వాటిలోంచే శాస్త్రవేత్తలు దారం తీస్తున్నారు. అదీ అలాంటిలాంటి దారం కాదు... వెంట్రుక కంటే వందల రెట్లు సన్ననిది! ఆ దారాలతో పరిచిన పల్చటి పొర గాయం మీద చర్మంలా అతుక్కుంటుంది. క్రిములను అడ్డుకుంటుంది. ఒంట్లో అమర్చే లోహపు ముక్కకు తొడిగితే దాన్ని మన శరీరం సొంతం చేసుకోవడానికి సాయపడుతుంది. పని అయిపోయాక తనంతట తానే కరిగిపోతుంది. వినడానికి కథలా ఉన్నా ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల్లో పాతికేళ్లుగా జరుగుతున్న పని ఇది. అందులో మన తెలుగువాళ్ల పాత్రా ఉంది.

గెలిచినవాడిదే గడ్డ!

మోకాలి చిప్ప అరిగితే కృత్రిమ కీలు, పన్ను ఊడితే టైటానియం స్క్రూ, గుండె రక్తనాళం పూడుకుపోతే స్టెంటు, మూత్రం రాకపోతే క్యాథెటర్... ఇప్పుడు వైద్యమంటే మందులొక్కటే కాదు, ఒంట్లోకి బయటి వస్తువును పంపడం కూడా. ఆ వస్తువు లోపలికి వెళ్లిన మరుక్షణం దాని ఉపరితలం మీద ఓ పరుగుపందెం మొదలవుతుంది. ఒక పక్క మన కణాలు, మరోపక్క బ్యాక్టీరియా. ఎవరు ముందు చేరి కాళ్లూనుకుంటే ఆ గడ్డ వారిదే. అమెరికాకు చెందిన ఎముకల వైద్యుడు ఆంథొనీ గ్రిస్టినా 1987లో ఈ సంగతిని 'ఉపరితలం కోసం పరుగుపందెం' అన్న మాటతో వివరించారు. ఈ రంగంలో పనిచేసేవారందరికీ ఇప్పటికీ అదే మూలసూత్రం.

మన కణాలు ముందు చేరితే ఆ వస్తువు చుట్టూ కణజాలం పెరుగుతుంది. ఒళ్లు దాన్ని ఒప్పుకుంటుంది. బ్యాక్టీరియా ముందు చేరితే మాత్రం కష్టం. అవి గుంపుగా అతుక్కుని చుట్టూ జిగురులాంటి పొరను కట్టుకుంటాయి. దాన్నే బయోఫిల్మ్ అంటారు. నూతిమెట్ల మీద పాచి పడితే ఎంత రుద్దినా వదలనట్టే ఇదీ వదలదు. పొర లోపల దాక్కున్న క్రిములను చంపాలంటే మామూలు మోతాదుకు వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు ఎక్కువ యాంటీబయాటిక్ కావాల్సి వస్తుంది. మనిషికి అంత మందు ఇవ్వడం కుదరని పని. చివరికి ఎంతో ఖర్చుపెట్టి అమర్చిన కీలును మళ్లీ కోసి తీసేయాల్సి రావచ్చు. కృత్రిమ కీళ్ల విషయంలో నూటికి ఒకరిద్దరికి ఇలాంటి ఇన్‌ఫెక్షన్ బెడద ఎదురవుతుంది.

ఇది కీళ్లకే పరిమితమైన గొడవ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లో ఏడుగురికి, మనలాంటి దేశాల్లో 15 మందికి అక్కడే కొత్తగా ఏదో ఒక ఇన్‌ఫెక్షన్ అంటుకుంటోంది. మరోపక్క యాంటీబయాటిక్‌లకు క్రిములు లొంగడం మానేస్తున్నాయి. 2019లో ఒక్క ఏడాదే ఇలా మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా ప్రపంచంలో దాదాపు 12.7 లక్షల మందిని పొట్టన పెట్టుకుందని అంచనా. కొత్త మందులేమో అంత తొందరగా రావడం లేదు. అందుకే శాస్త్రవేత్తలు ఇంకో దారి వెతికారు. బ్యాక్టీరియా అతుక్కున్నాక చంపడం కంటే అసలు అతుక్కోకుండా చేస్తే? ఉపరితలాన్నే మన కణాలకు అనుకూలంగా, క్రిములకు ప్రతికూలంగా మార్చేస్తే?

తీగకు పందిరిలా...

బీరపాదును నున్నటి గోడ పక్కన పెడితే ఏమవుతుంది? పాకలేక కింద పడుతుంది. నాలుగు పుల్లలు పాతి పందిరి వేస్తే చకచకా అల్లుకుపోతుంది. మన కణాల తీరూ అంతే. నున్నటి లోహం మీదో ప్లాస్టిక్ మీదో వాటికి పట్టు దొరకదు. ఎందుకంటే ఒంట్లో అవి ఉండేది అలాంటి చోట కాదు. చర్మంలోనైనా ఎముకలోనైనా కణాల చుట్టూ సన్నని పోగుల అల్లిక ఉంటుంది. అందులో ప్రధానమైనది కొల్లాజెన్ అనే ప్రొటీన్. ఆ పోగుల మందం సుమారు 50 నుంచి 500 నానోమీటర్లు. కణాలు ఈ పోగులనే పట్టుకుని పాకుతాయి, సాగుతాయి, రెండుగా చీలి పెరుగుతాయి.

నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు. మన వెంట్రుక మందం అటూఇటూగా 80 వేల నానోమీటర్లు. ఒక బ్యాక్టీరియా పొడవు సుమారు వెయ్యి నానోమీటర్లు. మరి 200 నానోమీటర్ల దారం అంటే ఎంత సన్ననో ఊహించుకోవచ్చు. అలాంటి దారాన్ని ఒక్క గ్రాము తీసుకుని బారుగా సాగదీస్తే 20 వేల కిలోమీటర్లు దాటుతుంది. అంటే భూమి చుట్టుకొలతలో సగం! ఆ ఒక్క గ్రాము దారాల పైభాగమంతా విప్పి పరిస్తే దాదాపు 15 చదరపు మీటర్లు... ఓ చిన్న గదికి సరిపడా నేల. చిటికెడు పదార్థంలోనే కణాలు పట్టుకోవడానికి, మందు నింపడానికి అంత చోటు దొరుకుతుందన్నమాట.

ఈ దారాలను అడ్డదిడ్డంగా పరిస్తే పల్చని కాగితంలాంటి పొర వస్తుంది. దారాల మధ్య సందుల్లోంచి గాలి, తేమ వెళ్తాయి. పొరలు పొరలుగా పరుచుకోవడం వల్ల బయటి బ్యాక్టీరియాకు మాత్రం దారి దొరకడం కష్టం. గాయానికి కట్టు కట్టాలంటే ఇంతకన్నా ఏం కావాలి?

పొట్టులో పుట్టిన మందు

దారం సరే, దేంతో తీయాలి? నైలాన్, పాలియెస్టర్‌లాంటి వాటితోనూ తీయొచ్చు. కానీ ఒంట్లో కలిసిపోవాలంటే జీవుల నుంచి వచ్చినదైతే మేలు. అలా అందరి కళ్లూ పడ్డ పదార్థాల్లో ముందు చెప్పుకోవాల్సింది కైటోసాన్ గురించి. దాని పుట్టిల్లు రొయ్యలు, పీతల పై పెంకు.

ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ బ్రాకొన్నో 1811లో పుట్టగొడుగుల్లో ఓ మొండి పదార్థాన్ని కనిపెట్టాడు. 1823లో ఒదియే అనే మరో ఫ్రెంచి శాస్త్రవేత్త అదే పదార్థాన్ని పురుగుల పెంకుల్లో చూసి 'కైటిన్' అని పేరు పెట్టాడు. 1859లో రూజే అనే ఆయన దాన్ని గాఢమైన క్షారంలో ఉడికిస్తే ఆమ్లాల్లో కరిగే కొత్త రూపం వస్తుందని గమనించాడు. అదే కైటోసాన్.

తయారీ సూత్రం ఇప్పటికీ దాదాపు అదే. ఎండిన రొయ్య పొట్టులో సుమారు 20-30 శాతం కైటిన్ ఉంటుంది. మిగిలినది ప్రొటీన్లు, సున్నం. ముందు పొట్టును ఆమ్లంలో నానబెడితే సున్నం పోతుంది. పల్చటి క్షారంలో వేడిచేస్తే ప్రొటీన్ పోతుంది. మిగిలిన కైటిన్‌ను గాఢమైన కాస్టిక్ సోడాలో ఉడికిస్తే కైటోసాన్ తయారవుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఈ పద్ధతులపై దశాబ్దాలుగా పనిచేస్తోంది.

దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. భీమవరం నుంచి నెల్లూరు దాకా కోస్తా పొడవునా చెరువులూ, శుద్ధి చేసే ప్లాంట్లూ కనిపిస్తాయి. రొయ్య బరువులో దాదాపు సగం తలా, పొట్టే. ఒలిచాక దాన్ని ఎక్కడ పడితే అక్కడ పోస్తే కంపు, ఈగలు, నీటి కాలుష్యం. అదే పొట్టు వైద్యానికి పనికొచ్చేంత శుద్ధంగా మారితే విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. తీసే క్రమంలో వాడిన ఆమ్లం, క్షారం కాలవల్లోకి పోకుండా చూసుకోవడం మాత్రం తప్పనిసరి. లేకపోతే ఒక చెత్త పోయి ఇంకో చెత్త మిగులుతుంది.

కైటోసాన్ గొప్పతనమంతా దాని మీదుండే ధనావేశంలో ఉంది. బ్యాక్టీరియా పై పొరకు రుణావేశం ఉంటుంది. రెండూ ఆకర్షించుకుంటాయి. కైటోసాన్ గట్టిగా అతుక్కుని పొరను ఛిద్రం చేయడంతో బ్యాక్టీరియాలోని సరుకంతా బయటికి కారిపోతుంది. ఎర్ర రక్తకణాలకూ రుణావేశమే. అందుకే కారుతున్న గాయం మీద కైటోసాన్ పెడితే రక్తకణాలు దానికి అతుక్కుని ముద్దకట్టి రక్తం ఆగుతుంది. ఈ లక్షణాన్ని ముందుగా వాడుకున్నది సైన్యం. అమెరికాలో తయారైన 'హెమ్‌కాన్' అనే కైటోసాన్ కట్టుకు అక్కడి ప్రభుత్వ అనుమతి 2002లో వచ్చింది. ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల్లో గాయపడ్డ సైనికులకు వాడారు. మన దేశంలోనూ ఆక్సియో బయోసొల్యూషన్స్ అనే సంస్థ 'ఆక్సియోస్టాట్' పేరుతో కైటోసాన్ కట్టును మార్కెట్లోకి తెచ్చింది.

అయితే ఇవన్నీ స్పాంజిలాంటి కట్లు. అదే కైటోసాన్‌ను నానో దారాలుగా మార్చి పరిస్తే రక్తం ఆపడంతోపాటు కణాలకు పందిరి కూడా వేసినట్టవుతుంది. అక్కడే అసలు పరీక్ష మొదలైంది.

కరెంటుతో వడికే రాట్నం

నానో దారాన్ని మామూలు రాట్నం మీద వడకలేం. దానికి కరెంటు రాట్నం కావాలి. పేరు ఎలక్ట్రోస్పిన్నింగ్. సూత్రం నాలుగొందల ఏళ్ల నాటిది. ఇంగ్లండు రాణి ఎలిజబెత్ వైద్యుడు విలియం గిల్బర్ట్ 1600లో ఓ వింత గమనించాడు. రుద్దిన అంబర్ ముక్కను నీటిబొట్టు దగ్గరికి తెస్తే బొట్టు పైకి లేచి శంఖువులా మొనదేలింది. 1902లో అమెరికాలో కూలీ, మోర్టన్ అనే ఇద్దరు వేర్వేరుగా ఈ సూత్రంతో ద్రవాన్ని చిమ్మే పద్ధతులకు పేటెంట్లు తీసుకున్నారు. 1934లో ఆంటన్ ఫార్‌మాల్స్ దారాలు తీసే యంత్రానికి పేటెంటు పొందాడు. 1930ల చివర్లో సోవియట్ యూనియన్‌లో ఇలాంటి పోగులతో గాలిని వడకట్టే గుడ్డలు చేశారు. కరెంటు ప్రభావంతో బొట్టు శంఖువుగా మారడం వెనకున్న లెక్కలను 1964లో బ్రిటిష్ శాస్త్రవేత్త జెఫ్రీ టేలర్ తేల్చాడు. ఆ మొనను ఇప్పటికీ 'టేలర్ కోన్' అనే పిలుస్తారు. తర్వాత మరుగునపడ్డ ఈ విద్యను 1990ల్లో అమెరికాలోని ఆక్రన్ విశ్వవిద్యాలయానికి చెందిన డారెల్ రెనెకర్ బృందం మళ్లీ వెలుగులోకి తెచ్చింది.

ఆ తర్వాత దీన్ని ప్రపంచమంతటా ప్రచారంలోకి తెచ్చినవారిలో ముందువరసలో ఉన్న పేరు మన తెలుగువాడిదే. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివి, ఐఐటీ మద్రాసు మీదుగా కేంబ్రిడ్జికి వెళ్లి పీహెచ్‌డీ చేసిన ప్రొఫెసర్ సీరం రామకృష్ణ సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో నానో దారాలపై పెద్ద పరిశోధన బృందాన్నే నడిపించారు. ఎలక్ట్రోస్పిన్నింగ్ మీద సహచరులతో కలిసి 2005లో ఆయన తెచ్చిన పుస్తకం ఈ రంగంలోకి అడుగుపెట్టే విద్యార్థులకు తొలిపాఠంలాంటిది.

ఇంతకీ ఈ రాట్నం ఎలా పనిచేస్తుందంటే... సిరంజిలో పాకంలాంటి ద్రావణం నింపుతారు. సూదికి 10 వేల నుంచి 30 వేల వోల్టుల కరెంటు ఇస్తారు. ఎదురుగా 10-20 సెంటీమీటర్ల దూరంలో లోహపు రేకు పెడతారు. సూది కొసన బొట్టు మొనదేలి అందులోంచి సన్నటి ధార రేకు వైపు దూసుకుపోతుంది. కొద్దిదూరం తిన్నగా వెళ్లి ఆ తర్వాత కొరడా ఝళిపించినట్టు గిరగిరా తిరుగుతూ సాగిపోతుంది. సెకను కూడా పట్టదు... ఆ వ్యవధిలోనే తడి ఆరిపోయి, ధార వేల రెట్లు సాగి నానో దారమై రేకు మీద పరుచుకుంటుంది. పీచుమిఠాయి బండి దగ్గర చక్కెర పాకం పోగులు పోగులుగా చుట్టుకోవడం చూశాం కదా! చూడ్డానికి అలాగే ఉంటుంది. అక్కడ గిర్రున తిరిగే గిన్నె చేసే పనిని ఇక్కడ కరెంటు చేస్తుంది. రేకుకు బదులు తిరిగే డ్రమ్ము పెడితే దారాలు వరసగా పరుచుకుంటాయి. ఇంప్లాంటునే పెడితే దానికే నేరుగా తొడుగు వస్తుంది.

మొండి కైటోసాన్

అన్నీ సాఫీగా సాగితే ఇంత కథ ఎందుకు? కైటోసాన్‌ను దారంగా తీయడం శాస్త్రవేత్తలకు చుక్కలు చూపించింది. దానికి గొప్ప గుణమైన ధనావేశమే ఇక్కడ శత్రువైంది. ద్రావణంలో అణువుల గొలుసులన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. దారం రావాలంటే అవి జడలా పెనవేసుకోవాలి. అలా పెనవేసుకోక ధార తెగిపోయి తుంపరలుగా పడేది.

ఒక దారేమిటంటే సులభంగా సాగే మరో పాలిమర్‌ను కొద్దిగా కలపడం. పాలిఇథిలీన్ ఆక్సైడ్ అలా తోడొచ్చింది. పిండి విరిగిపోతుంటే జిగురు కోసం మరో పిండి కలిపినట్టన్నమాట. రెండో దారి ద్రావకాన్నే మార్చడం. జపాన్‌లోని షిన్షు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ట్రైఫ్లోరో ఎసిటిక్ ఆమ్లం వాడి కైటోసాన్ నానో దారాలు తీశారు. కానీ అది ఒంటికి మంచిది కాదు. లేశమైనా మిగలకుండా తొలగించాలి. గాఢమైన ఎసిటిక్ ఆమ్లం... అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లంతోనూ తీయొచ్చని తర్వాత తేలడంతో కాస్త ఊపిరి పీల్చుకున్నారు.

దారం వచ్చింది. ఇక రెండో తలనొప్పి. గాయం అంటేనే తడి. ఆ తడి తగలగానే దారాలు ఉబ్బి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి జిగురుముద్ద అయ్యేవి. దాంతో గొలుసుల మధ్య అడ్డంగా బంధాలు వేయడం నేర్చారు. దీనికి మొదట వాడిన గ్లూటరాల్డిహైడ్ మోతాదు మించితే కణాలకు విషం. అందుకే గార్డెనియా కాయల నుంచి వచ్చే జెనిపిన్‌లాంటి సహజ పదార్థాల వైపు మళ్లారు. బంధాలు తక్కువైతే పొర తొందరగా కరిగిపోతుంది. ఎక్కువైతే గట్టిపడి పెళుసుబారుతుంది. ఆ హద్దు ఎక్కడో పట్టుకోవడమే పరిశోధకుల నేర్పు.

పోపులపెట్టె సాయం

నానో దారాలకు ఇంకో సుగుణముంది. వాటిలో మందు నింపొచ్చు. సూదిలోకి పంపే ద్రావణంలోనే మందు కలిపేస్తే దారంలో భాగమైపోతుంది. పొర గాయం మీద ఉన్నన్నాళ్లూ కొద్దికొద్దిగా విడుదలవుతుంది. ఒళ్లంతా తిరిగే మాత్రల బదులు అవసరమైన చోటే మందు పడుతుంది.

వెండి నుంచి యాంటీబయాటిక్‌ల దాకా ఎన్నో నింపి చూశారు. ఆసక్తికరమైనది మాత్రం దాల్చినచెక్క. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో దాల్చినచెక్క ఘాటుకు మూలమైన సినమాల్డిహైడ్‌ను కైటోసాన్ ద్రావణంలో కలిపి నానో దారాలు తీశారు. ఈ-కొలై, సూడోమోనాస్ అనే రెండు మొండి బ్యాక్టీరియాల మీద పరీక్షిస్తే మామూలు కైటోసాన్ దారాల కన్నా మెరుగ్గా పనిచేశాయి. కాలిన గాయాలను సతాయించే క్రిముల్లో సూడోమోనాస్ పేరు ముందుంటుంది. మన పసుపులోని కర్కుమిన్‌ను నింపిన నానో దారాల మీదా చాలాచోట్ల పరిశోధనలు జరిగాయి. నీళ్లలో కరగని కర్కుమిన్‌ను నిలకడగా అందించడానికి ఈ దారాలు అనువైన వాహనం. అలాగని వంటింటి పసుపో, దాల్చినచెక్క పొడో తెచ్చి పుండు మీద చల్లితే అదే ఫలితం రాదు. డబ్బాలోని పొడిలో క్రిములూ, దుమ్మూ ఉండొచ్చు, మోతాదూ తెలియదు.

పట్టు... తోలు... జెలటిన్

కైటోసాన్‌కు పోటీదారులూ ఉన్నారు. మొదటిది పట్టు. గాయాలను పట్టుదారంతో కుట్టడం వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. పట్టుగూళ్లను సోడా నీళ్లలో ఉడకబెడితే పైనున్న జిగురు పోయి ఫైబ్రాయిన్ అనే ప్రొటీన్ మిగులుతుంది. దాన్ని కరిగించి నానో దారాలుగా తీస్తున్నారు. మామూలు మల్బరీ పట్టు కన్నా అడవుల్లో పెరిగే దసలి పట్టుకు ఓ ప్రత్యేకత ఉంది. దాని ఫైబ్రాయిన్‌లో మన కణాలు గుర్తుపట్టి పట్టుకునే మూడు అమైనో ఆమ్లాల వరస సహజంగానే ఉంటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో సుభాష్ కుండు బృందం ఇలాంటి అడవి పట్టులపై విస్తృతంగా పరిశోధనలు చేసింది. తెలంగాణలోని చెన్నూరు ప్రాంతంలో దసలి పట్టు సాగు చేసే కుటుంబాలు చాలానే ఉన్నాయి. చిరిగిన గూడు చీరకు పనికిరాకపోవచ్చు. ప్రొటీన్ తీయడానికైతే ఇబ్బంది లేదు.

రెండోది కొల్లాజెన్. 2002లో అమెరికాలోని వర్జీనియా కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయం వారు కొల్లాజెన్ నానో దారాలు తీసినప్పుడు అచ్చం మన ఒంటి అల్లికే వచ్చేసిందని అందరూ సంబరపడ్డారు. అయితే 2008లో మరో బృందం సూటిప్రశ్న వేసింది. వాడే ద్రావకాల ధాటికి కొల్లాజెన్ తన మూడుపేటల జడ ఆకారాన్ని కోల్పోయి జెలటిన్‌గా మారిపోతోందని చూపించింది. ఖరీదైన కొల్లాజెన్ తెచ్చి చవకైన జెలటిన్ చేసుకోవడమెందుకన్నది వారి వాదన. అప్పటినుంచీ చాలామంది నేరుగా జెలటిన్‌నే వాడుతున్నారు.

ఇక్కడ హైదరాబాద్ ఐఐటీ పేరు చెప్పుకోవాలి. ప్రొఫెసర్ సప్తర్షి మజుందార్, చంద్రశేఖర్ శర్మ బృందం జెలటిన్ నానో దారాల్లో యాంఫోటెరిసిన్-బి మందును నింపి నోటితో వేసుకునే 60 మిల్లీగ్రాముల మాత్రగా మార్చింది. 2021లో కరోనా వెంట బ్లాక్ ఫంగస్ విజృంభించి ఇంజెక్షన్లు దొరక్క జనం అల్లాడుతున్న వేళ, ఈ పరిజ్ఞానాన్ని మేధోహక్కుల అడ్డు లేకుండా ఎవరికైనా ఇస్తామని ప్రకటించింది. అంతకుముందు 2016లో అదే సంస్థ పరిశోధకులు చెట్ల నుంచి వచ్చే సెల్యులోజ్‌ను మార్చి తీసిన నానో దారాలు శానిటరీ న్యాప్‌కిన్లలో వాడే కృత్రిమ రసాయనాలకు ప్రత్యామ్నాయం కాగలవని చూపించారు.

లోహానికి మెత్తని తొడుగు

గాయం మీద పొర పెట్టడం ఒకెత్తయితే లోహానికి తొడగడం మరో ఎత్తు. పళ్లకు, ఎముకలకు వాడే టైటానియం గట్టిది, తుప్పు పట్టదు. కానీ క్రిములను తరిమే శక్తి దానికి లేదు. దాని మీద నానో దారాల తొడుగు వేస్తే తొలిరోజుల్లో బ్యాక్టీరియాను అడ్డుకుని మన కణాలు పరుగుపందెంలో గెలిచే వ్యవధి ఇస్తుందన్నది ఆలోచన. తర్వాత మన ఒంట్లోని లైసోజైమ్ అనే ఎంజైమ్ కైటోసాన్‌ను నెమ్మదిగా విడగొట్టేస్తుంది. అప్పటికి అక్కడ ఎముక చేరి ఉంటుంది.

చిక్కల్లా అతకడంలోనే. టైటానియం స్క్రూను ఎముకలోకి బిగించేటప్పుడు రాపిడికి పొర ఊడిపోతే? ఊడిన పొర కింద క్రిములు దాక్కుంటే అసలుకే మోసం. అందుకే లోహానికీ పొరకూ మధ్య రసాయన బంధాలు వేసే పద్ధతులు వెతుకుతున్నారు. అమెరికాలోని మెంఫిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు టైటానియంకు కైటోసాన్ పూతల మీదా, దంత వైద్యంలో చిగురు ఎముక పెరగాల్సిన చోటును కాపాడే నానో దారాల తెరల మీదా ఏళ్లుగా పనిచేస్తున్నారు.

ఆసుపత్రికి ఎప్పుడు?

ఇన్ని పరిశోధనలు జరిగాయి, మరి మన మందుల దుకాణంలో ఎందుకు కనబడదు? కారణాలు చాలానే ఉన్నాయి. మొదటిది వేగం. ఒక సూది గంటకు సుమారు ఒక మిల్లీలీటరు ద్రావణాన్నే వడుకుతుంది. అందులో కైటోసాన్ 3-5 శాతం. అంటే గంటంతా కష్టపడితే వచ్చేది 30-50 మిల్లీగ్రాములు. గ్రాము కావాలంటే రాత్రీపగలూ నడవాలి! చెక్ రిపబ్లిక్‌లోని లిబెరెట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో సూదులు లేకుండా ద్రావణంలో తిరిగే రోలర్ మీద నుంచే వందల ధారలు లేపే పద్ధతి కనిపెట్టారు. దాంతో 'నానోస్పైడర్' అనే యంత్రాలు వచ్చాయి. ఇప్పుడు పొరలను మీటర్ల లెక్కన తీయొచ్చు.

రెండోది నిలకడ. ఈ చెరువు రొయ్యకూ ఆ సముద్రపు పీతకూ తేడా ఉంటుంది. కాలాన్ని బట్టి, ఉడికించిన తీరును బట్టి కైటోసాన్ గుణం మారుతుంది. మందన్నాక ఏ పెట్టె విప్పినా ఒకేలా ఉండాలి. మూడోది క్రిమిశుద్ధి. ఆవిరిలో పెడితే పొర పాడవుతుంది. రేడియేషన్ అణువుల గొలుసులను తెంపేయొచ్చు. నాలుగోది అనుమతులు. మన దేశంలో 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల ప్రకారం ఇలాంటివాటిని ప్రమాద తీవ్రతను బట్టి 'ఎ' నుంచి 'డి' వరకూ నాలుగు తరగతులుగా విభజిస్తారు. ఒంట్లో కరిగిపోయేవి కఠినమైన పరీక్షలు దాటాలి. జంతువుల మీద, మనుషుల మీద ప్రయోగాలు చేయాలి. దానికి ఏళ్లూ కోట్లూ కావాలి.

అసాధ్యం మాత్రం కాదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ పంది పిత్తాశయం నుంచి తయారుచేసిన గాయాల కట్టు 'కొలిడెర్మ్'కు 2023లో 'డి' తరగతి పరికరంగా అనుమతి లభించింది. అది నానో దారాల పొర కాదు. కానీ జంతువుల నుంచి తీసిన పదార్థం మన దగ్గరే పుట్టి, మన దగ్గరే పరీక్షలు నెగ్గి రోగి దాకా వెళ్లగలదని అది రుజువు చేసింది.

మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఓ మోస్తరు నుంచి తీవ్రంగా కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐసీఎంఆర్ సర్వే 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం మధుమేహులు పది కోట్లకు పైమాటే. వారిలో కాలిపుండు మానక వేలో, పాదమో తీయించుకునేవారు ఉన్నారు. రోజూ కట్టు విప్పి మార్చడంలో ఉండే నొప్పి, ఖర్చు, పని పోగొట్టుకోవడం... ఇవన్నీ అనుభవించే కుటుంబాలకే తెలుసు. విప్పే పనిలేకుండా కరిగిపోయే పొర వారికి ఎంత ఊరటో చెప్పక్కర్లేదు. అయితే అది అందుబాటు ధరలో రావాలి. ముడిసరుకు మన కోస్తాలోనే ఉంది. చదువుకున్న పిల్లలు మన ప్రయోగశాలల్లోనే ఉన్నారు. ఆ రెండింటినీ కలిపే దారం ఒక్కటి గట్టిగా పడాలి!

రొయ్య పడనివారి మాటేమిటి?

కొందరికి రొయ్యలు తింటే ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. మరి కైటోసాన్ కట్టు వారికి ప్రమాదమా? అలర్జీకి కారణం రొయ్యలోని ప్రొటీన్లు, ముఖ్యంగా ట్రోపోమయోసిన్. కైటోసాన్ ప్రొటీన్ కాదు, చక్కెర అణువుల గొలుసు. సరిగ్గా శుద్ధి చేస్తే ప్రొటీన్ మిగలదు. అమెరికాలో 2011లో ప్రచురితమైన ఓ చిన్న అధ్యయనంలో రొయ్య జాతులు పడనివారికి కైటోసాన్ కట్టు పెట్టి చూస్తే ఎవరికీ అలర్జీ రాలేదు. అయినా అలర్జీ ఉన్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పడం మంచిది. రొయ్యే వద్దనుకునేవారికి పుట్టగొడుగుల నుంచి, శిలీంధ్రాల నుంచి తీసిన కైటోసాన్ కూడా ఉంది.

అప్పటిదాకా ఇవి మరవద్దు

* ఒళ్లు కాలితే వెంటనే చల్లటి కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. ఐసుముక్కలు పెట్టకూడదు.

* టూత్‌పేస్ట్, ఇంకు, కాఫీపొడి, పసుపు పూయొద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి వెళ్లాలి.

* మధుమేహం ఉన్నవాళ్లు రోజూ పడుకోబోయే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. చిన్న పుండైనా సొంతవైద్యం చేసుకోకుండా డాక్టరుకు చూపించాలి.

* డాక్టరు రాసిన యాంటీబయాటిక్‌ను చెప్పినన్ని రోజులూ వాడాలి. మిగిలిన మాత్రలు దాచి మరొకరికి ఇవ్వకూడదు.